ఎంబెడెడ్ బోర్డులకు బూట్ సమయంలోనే స్థిరమైన మ్యాక్ అడ్రస్: తరచుగా అడిగే ప్రశ్నలు

అనంతపురం చుట్టుపక్కల చీనీ (బత్తాయి) తోటల్లో బోరు మోటార్లనూ డ్రిప్ వాల్వులనూ కనిపెట్టుకుని ఉండే చిన్న లినక్స్ బోర్డులను బిగించడం మా పని. కర్నూలు వైపు సౌర విద్యుత్ కేంద్రాల్లో ఇన్వర్టర్ల రీడింగులు సేకరించే లాగర్లు తయారుచేసేవారూ, కడపలో ఇంజినీరింగ్ చదువుతూ ప్రాజెక్టు కోసం బోర్డు కొనుక్కున్న విద్యార్థులూ మమ్మల్ని తరచూ అడిగే ప్రశ్నలకు జవాబులను ఇక్కడ ఒకచోట చేర్చాం. మ్యాక్ అడ్రస్ అంటే నెట్‌వర్క్‌లో ఒక పరికరాన్ని మిగతావాటి నుంచి వేరుగా గుర్తించే ఆరు బైట్ల చిరునామా. బూట్ అంటే కరెంటు రాగానే బోర్డు తన ప్రోగ్రాములను మొదలుపెట్టడం.

మ్యాక్ అడ్రస్ ఫ్యాక్టరీలోనే పడి వస్తుంది కదా, మళ్లీ మనం ఇవ్వడం ఎందుకు?

కంప్యూటర్‌లో పెట్టే నెట్‌వర్క్ కార్డు విషయంలో ఆ మాట నిజమే, ఎందుకంటే ఆ కార్డు మీద ఈప్రామ్ అనే, కరెంటు పోయినా చెరిగిపోని చిన్న మెమరీ చిప్ ఉంటుంది, తయారీదారు అందులో 48 బిట్ల చిరునామాను రాసి పంపుతాడు. ఎంబెడెడ్ బోర్డులో పరిస్థితి వేరు. ఈథర్‌నెట్ (తీగల నెట్‌వర్క్) కంట్రోలర్ ప్రధాన చిప్‌లోనే కలిసిపోయి ఉంటుంది, తీగతో మాట్లాడే ఫై చిప్ బయట ఉంటుంది, చిరునామాను దాచుకునే చోటు ఈ రెండింటిలోనూ ఉండాలన్న నియమం ఏమీ లేదు. ఫై చిప్‌లో చిరునామా ఉంటుందని చాలామంది అనుకుంటారు గానీ, అది సంకేతాలను మార్చి పంపే చిప్ మాత్రమే, దానికి మ్యాక్ అడ్రస్‌తో సంబంధం లేదు.

ఏ చిప్‌లో ఏముంటుందో ముందే తెలుసుకోవాలి. టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి ఏఎం335ఎక్స్ చిప్‌లో చిరునామాలు తయారీలోనే పడి వస్తాయి. ఎన్‌ఎక్స్‌పీ వారి ఐ.ఎంఎక్స్6 చిప్‌లో చిరునామా కోసం ఫ్యూజ్‌లు (ఒక్కసారి మాత్రమే రాయగల బిట్లు) కేటాయించి ఉంటాయి, వాటిని నింపే బాధ్యత మాత్రం బోర్డు తయారుచేసేవారిది. రాస్ప్‌బెర్రీ పై తొలి తరాల బోర్డుల్లో బి8:27:ఇబి అనే మొదటి సగానికి, బోర్డు సీరియల్ నంబరులోని చివరి మూడు బైట్లు రెండో సగంగా చేరతాయి. ఈఎన్‌సీ28జే60, డబ్ల్యూ5500 వంటి విడి ఈథర్‌నెట్ చిప్‌లలో చిరునామా అసలే ఉండదు, ప్రోగ్రామ్ ఇచ్చినదే వాటికి చిరునామా. ఇలా ఎక్కడా ఏమీ దొరకనప్పుడు బూట్‌లోడర్ (ముందుగా లేచి లినక్స్‌ను మొదలుపెట్టే ప్రోగ్రామ్) గానీ కెర్నల్ (లినక్స్‌లోని ప్రధాన భాగం) గానీ అప్పటికప్పుడు ఒక యాదృచ్ఛిక చిరునామాను పుట్టిస్తుంది, తరవాతి బూట్‌లో మరొకటి పుట్టిస్తుంది.

బూట్ అయిన ప్రతిసారీ చిరునామా మారితే వచ్చే నష్టం ఏమిటి? నెట్‌వర్క్ పనిచేస్తూనే ఉంది కదా?

మొదటి రోజు పనిచేస్తుంది, అందుకే ఈ లోపం పరీక్షల్లో దొరకదు. మా అనుభవమే చెబుతాం. ఒక పెద్ద చీనీ తోటలో 12 బోర్డులు పెట్టి, పొలంలోని నెట్‌వర్క్ స్విచ్‌ల మీదుగా వాటన్నిటినీ షెడ్డులోని ఒకే రౌటర్‌కు కలిపాం. బోర్డులకు కరెంటు స్టార్టర్ పెట్టెల నుంచే ఇచ్చాం కాబట్టి, త్రీఫేజ్ సరఫరా వచ్చినప్పుడల్లా అవి లేచేవి, పోయినప్పుడల్లా ఆగేవి, మధ్యలో ట్రిప్ అయినప్పుడు మళ్లీ మొదలయ్యేవి. ఎండాకాలంలో ఒక్కో బోర్డు రోజుకు తొమ్మిది పది సార్లు బూట్ అయ్యేది. రౌటర్‌లో పంచడానికి ఉన్న ఐపీ చిరునామాలు 100, ఒక్కో లీజు (ఒక పరికరానికి ఐపీని కొంతకాలానికి కేటాయించడం) గడువు 24 గంటలు. బూట్ అయిన ప్రతిసారీ బోర్డు కొత్త మ్యాక్ అడ్రస్‌తో వచ్చి అడిగితే రౌటర్ దాన్ని కొత్త యంత్రం అనుకుని కొత్త ఐపీ ఇస్తుంది, పాతది గడువు తీరేదాకా వృథాగా పడి ఉంటుంది. 12 బోర్డులు తొమ్మిదేసి సార్లు లేస్తే 108 అవుతాయి, అంటే సాయంత్రానికి కొన్ని బోర్డులకు ఐపీయే దొరకదు.

మేము ముందుగా కేబుళ్లను అనుమానించాం, తరవాత రౌటర్‌ను మార్చాం. కొత్త రౌటర్ పెట్టిన రోజు అన్నీ చక్కగా పనిచేశాయి, లీజుల పట్టిక ఖాళీగా ఉంది కాబట్టి పనిచేయక ఏం చేస్తాయి! మర్నాటి సాయంత్రం మళ్లీ అదే గోల. చివరికి లీజుల పట్టిక తెరిచి చూస్తే ఒకే హోస్ట్‌నేమ్ (బోర్డు పేరు) ఎదురుగా పదేసి మ్యాక్ అడ్రస్‌లు కనిపించాయి. రాత్రి నీళ్లు వదలాల్సిన వాల్వు తెరుచుకోలేదని ఆ రైతు రెండు రాత్రులు టార్చి పట్టుకుని తోటంతా తిరిగాడు. ఆ తిరుగుడుకు కారణం మేము వదిలేసిన ఆరు బైట్లు. అందుకే ఈ విషయాన్ని చిన్నదిగా చూడవద్దని అడిగినవారందరికీ చెబుతున్నాం.

రౌటర్‌లో పెట్టిన ఐపీ రిజర్వేషన్లు, స్విచ్‌లో పెట్టిన పోర్టు భద్రతా నియమాలు, మ్యాక్ అడ్రస్‌కు ముడిపెట్టిన సాఫ్ట్‌వేర్ లైసెన్సులు కూడా ఇదే కారణంగా చెడిపోతాయి.

మా బోర్డుకు వస్తున్నది స్థిరమైనదో, యాదృచ్ఛికమైనదో ఎలా గుర్తించాలి?

అన్నిటికన్నా నమ్మకమైన పద్ధతి బూట్ సందేశాలను చూపించే సీరియల్ కన్సోల్ తగిలించి, బోర్డుకు కరెంటు పూర్తిగా తీసి, మళ్లీ ఇచ్చి, రెండుసార్లూ వచ్చిన చిరునామాలను కాగితం మీద రాసి పోల్చడం. ఎంబెడెడ్ బోర్డుల్లో ఎక్కువగా వాడే బూట్‌లోడర్ అయిన యూ-బూట్ తానే యాదృచ్ఛిక చిరునామాను పుట్టిస్తే, ఆ సంగతిని హెచ్చరికగా కన్సోల్ మీద చెబుతుంది. ఆ పంక్తి మూడు సెకన్లలో పైకి వెళ్లిపోతుంది కాబట్టి లాగ్‌ను ఫైలులోకి పట్టుకోవడం మంచిది.

లినక్స్ లేచాక సిస్‌ఎఫ్‌ఎస్‌లో (పరికరాల వివరాలను కెర్నల్ ఫైళ్లుగా చూపించే చోట), ఆ ఇంటర్‌ఫేస్ డైరెక్టరీ కింద, 'అడ్ర్_అసైన్_టైప్' అనే ఫైలు ఉంటుంది. అందులో 0 ఉంటే శాశ్వతమైనదని, 1 ఉంటే యాదృచ్ఛికమని, 2 ఉంటే మరో పరికరం నుంచి తీసుకున్నదని, 3 ఉంటే యూజర్ స్పేస్ (కెర్నల్ బయటి ప్రోగ్రాములు) నుంచి పెట్టినదని అర్థం. ఇక్కడ చాలామంది మోసపోయే చోటు ఒకటుంది. యూ-బూట్ యాదృచ్ఛికంగా పుట్టించిన చిరునామాను డివైస్ ట్రీలో (బోర్డులో ఏ పరికరాలున్నాయో కెర్నల్‌కు చెప్పే పట్టికలో) రాసి కెర్నల్‌కు అందించినప్పుడు, అది ఎలా పుట్టిందో కెర్నల్‌కు తెలిసే దారి లేదు, అందువల్ల ఆ ఫైలులో 0 అనే కనిపిస్తుంది. 1 కనిపిస్తే లోపం ఉన్నట్టే గానీ, 0 కనిపించినంత మాత్రాన లోపం లేనట్టు కాదు.

మనమే ఒక చిరునామా రాసుకోవచ్చా? ఏ అంకెలైనా పెట్టవచ్చా?

రాసుకోవచ్చు, కానీ మొదటి బైటులోని చివరి రెండు బిట్లకు ప్రత్యేకమైన అర్థాలున్నాయి. అన్నిటికన్నా చివరి బిట్ 1 అయితే అది ఒక గుంపుకు చెందిన మల్టీకాస్ట్ చిరునామా అవుతుంది, అలాంటిది ఒక బోర్డుకు పెట్టకూడదు, పెట్టబోయినా లినక్స్ ఒప్పుకోదు. దాని పక్కనున్న బిట్ 1 అయితే, ఇది తయారీదారు ఇచ్చినది కాదు, ఇక్కడివారు సొంతంగా పెట్టుకున్నదని అర్థం. కాబట్టి మనం పెట్టుకునే చిరునామాలో ఆ చివరి బిట్ 0గానూ దాని పక్కనున్నది 1గానూ ఉండాలి, అంటే హెక్సాడెసిమల్‌లో రాసినప్పుడు రెండో అంకె 2, 6, ఎ, ఇ లలో ఒకటి కావాలి. 02తో మొదలుపెట్టడం వాడుక.

ఎవరో పెద్ద కంపెనీకి చెందిన మొదటి మూడు బైట్లను అరువు తెచ్చుకుని మిగిలిన మూడింటిని సొంతంగా నింపడం కొందరికి అలవాటు. అది సరికాదు, ఆ కంపెనీ అమ్మిన నిజమైన పరికరం ఏదో ఒకనాడు అదే నెట్‌వర్క్‌లోకి రావచ్చు. కడప పక్కన కొప్పర్తి వంటి ఎలక్ట్రానిక్స్ క్లస్టర్‌లో వేలల్లో తయారుచేయించి అమ్మాలనుకునేవారు ఈ చిరునామాలను కేటాయించే ఐట్రిపుల్ఈ సంస్థ దగ్గర సొంత బ్లాకు కొనుక్కోవాలి. అక్కడ మూడు పరిమాణాలు దొరుకుతాయి: 1,67,77,216 చిరునామాలున్న ఎంఏ-ఎల్, 10,48,576 ఉన్న ఎంఏ-ఎం, 4,096 ఉన్న ఎంఏ-ఎస్. చిన్న సంస్థకు చివరిది చాలు.

బూట్ క్రమంలో ఏ దశలో చిరునామా ఇవ్వడం మేలు?

ఎంత ముందు వీలైతే అంత ముందు ఇవ్వడమే మేలు, అంటే యూ-బూట్‌లోనే. చాలామంది లినక్స్ లేచాక ఒక స్క్రిప్టులో ఐపీ కమాండుతో చిరునామాను మార్చి తృప్తిపడతారు. అప్పటికే బూట్‌లోడర్ నెట్‌వర్క్ మీద కెర్నల్‌ను తెచ్చుకుని ఉంటే, లేదా రూట్ ఫైల్ సిస్టమ్ (లినక్స్ ఫైళ్లన్నీ ఉండే చోటు) ఎన్‌ఎఫ్‌ఎస్ మీద, అంటే నెట్‌వర్క్‌లోని మరో యంత్రంలో ఉంటే, ఒకే బోర్డు ఒక చిరునామాతో మొదలై మరొక చిరునామాతో కొనసాగుతుంది, రౌటర్‌లో రెండు లీజులు ఖర్చవుతాయి, స్క్రిప్టు నడవక ముందే డీహెచ్‌సీపీ క్లయింట్ (రౌటర్‌ను ఐపీ అడిగే ప్రోగ్రామ్) లేస్తే రిజర్వేషన్ తప్పిపోతుంది.

యూ-బూట్‌లో మొదటి పోర్టుకు 'ఈథ్అడ్ర్' అనీ, రెండో పోర్టుకు 'ఈథ్1అడ్ర్' అనీ ఎన్విరాన్‌మెంట్ వేరియబుళ్లు (యూ-బూట్ దాచుకునే సెట్టింగులు) ఉంటాయి. లినక్స్‌ను మొదలుపెట్టే ముందు యూ-బూట్ ఈ విలువలను డివైస్ ట్రీలో ఆయా ఈథర్‌నెట్ నోడ్‌ల కింద 'లోకల్-మ్యాక్-అడ్రస్' అనే ప్రాపర్టీగా రాస్తుంది. ఏ నోడ్‌లో రాయాలో దానికి తెలిసేది డివైస్ ట్రీ అలియాస్‌ల (నోడ్‌లకు పెట్టిన మారుపేర్ల) వల్ల, కాబట్టి 'ఈథర్‌నెట్0' అనే అలియాస్ లేకపోతే యూ-బూట్ దగ్గర సరైన చిరునామా ఉండి కూడా కెర్నల్‌కు చేరదు. బూట్‌లోడర్‌లో ఒక చిరునామా, లినక్స్‌లో మరొకటి కనిపిస్తోందని మాకు వచ్చిన ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఈ ఒక్క పంక్తి లేకపోవడం వల్ల వచ్చినవే.

కెర్నల్ తన వంతుగా డివైస్ ట్రీలో ముందు 'మ్యాక్-అడ్రస్', తరవాత 'లోకల్-మ్యాక్-అడ్రస్', ఆ తరవాత 'అడ్రస్' అనే ప్రాపర్టీలను చూస్తుంది, ఏదీ లేకపోతే ఎన్‌విమెమ్ (చెరిగిపోని మెమరీలను చదివే కెర్నల్ వ్యవస్థ) ద్వారా ఈప్రామ్ లేదా ఫ్యూజ్‌లను చదువుతుంది. అన్నీ సున్నాలుగా ఉన్న విలువను చెల్లనిదిగా భావించి ముందుకు వెళుతుంది. బూట్‌లోడర్‌ను మార్చే అవకాశం లేని బోర్డులకు, ఎన్‌విమెమ్ సెల్‌ను డివైస్ ట్రీలో నిర్వచించి 'మ్యాక్-అడ్రస్' అని పేరుపెట్టడమే మంచి దారి, ఎందుకంటే అది ఏ స్క్రిప్టు కన్నా ముందే, డ్రైవర్ లేచేటప్పుడే జరిగిపోతుంది. ఒక్క జాగ్రత్త ఉంది: యూ-బూట్ ముందే ఒక యాదృచ్ఛిక విలువను రాసేస్తే కెర్నల్ ఎన్‌విమెమ్ దాకా రానే రాదు, కాబట్టి అలాంటి బోర్డుల్లో యూ-బూట్ పుట్టించే పద్ధతిని కాన్ఫిగరేషన్‌లో ఆపించాలి.

చిరునామాను ఎక్కడ దాచాలి: ఈప్రామ్‌లోనా, ఫ్యూజ్‌లలోనా, సీరియల్ నంబరు నుంచి లెక్కగట్టాలా?

బోర్డును మీరే డిజైన్ చేస్తుంటే, చిరునామా ముందే రాసి వచ్చే చిన్న ఈప్రామ్ పెట్టమని మా సలహా. మైక్రోచిప్ వారి 24ఏఏ02ఈ48 అలాంటిది. రెండు కిలోబిట్ల ఈ ఐ-స్క్వేర్డ్-సీ (రెండు తీగలతో మాట్లాడే పద్ధతి) చిప్‌లో 250వ బైటు నుంచి 255 వరకు, ప్రపంచంలో మరెవరికీ లేని చిరునామా ఉంటుంది, అది ఉన్న పై సగభాగానికి చెరపడానికి వీలులేకుండా తాళం వేసి ఉంటుంది. దానితో పాటు ఐట్రిపుల్ఈకి దరఖాస్తు చేసుకునే శ్రమ కూడా తప్పుతుంది.

ఫ్యూజ్‌లు గట్టివే, కానీ ఒకసారి 1 అయిన బిట్ మళ్లీ 0 కాదు. బైట్ల వరస తారుమారుగా రాస్తే ఆ బోర్డు జీవితాంతం అలాగే ఉంటుంది. మొదట ఒకే ఒక్క బోర్డులో రాసి, చదివి, లినక్స్ దాకా సరిగా వచ్చిందని చూశాకే మిగిలినవాటిని ముట్టుకోండి.

బజారులో కొన్న బోర్డుకు ఈ రెండూ కుదరవు. అప్పుడు చిప్ సీరియల్ నంబరే ఆధారం. ఆల్‌విన్నర్ చిప్‌లకు యూ-బూట్ ఇప్పటికే ఇలా చేస్తుంది: చిప్‌లోని గుర్తింపు సంఖ్య నుంచి 02తో మొదలయ్యే చిరునామాను తయారుచేస్తుంది. మీరే చేయాల్సి వస్తే, మొత్తం సీరియల్ నంబరునూ ఇంటర్‌ఫేస్ పేరునూ కలిపి ఎస్‌హెచ్‌ఏ-256కు (ఇచ్చినదాన్ని నిర్ణీత పొడవున్న కలగాపులగపు సంఖ్యగా మార్చే హ్యాష్ లెక్కకు) ఇచ్చి, వచ్చినదానిలో మొదటి ఆరు బైట్లు తీసుకుని, పైన చెప్పిన రెండు బిట్లను సరిచేయండి. సీరియల్ నంబరులో చివరి మూడు బైట్లను నేరుగా వాడటం ప్రమాదం. ఉదాహరణకు ఎస్‌టీఎం32 చిప్‌లలోని 96 బిట్ల గుర్తింపు సంఖ్యలో కొంత భాగం సిలికాన్ పలక మీద ఆ చిప్ ఉన్న స్థానం, మరికొంత ఆ పలక నంబరు, లాటు నంబరు. ఒకే లాటులో వచ్చిన చిప్‌లన్నిటికీ లాటు భాగం ఒకటే అవుతుంది.

ఇలా లెక్కగట్టిన చిరునామాలు రెండు బోర్డులకు ఒకటే కావా?

ఎన్ని బిట్లు వాడారన్నదాన్ని బట్టి ఉంటుంది. ఆరు బైట్లూ హ్యాష్ నుంచే తీసుకుంటే, రెండు బిట్లు పోగా 46 మిగులుతాయి. వెయ్యి బోర్డుల్లో జతలు 4,99,500, సాధ్యమైన చిరునామాలు దాదాపు 70 లక్షల కోట్లు, కాబట్టి ఏవైనా రెండు ఢీకొనే అవకాశం సుమారు 14 కోట్లలో ఒకటి. అందంగా ఉంటుందని మొదటి మూడు బైట్లను అన్ని బోర్డులకూ ఒకటే ఉంచి మిగిలిన 24 బిట్లను మాత్రమే హ్యాష్ చేస్తే, అదే వెయ్యి బోర్డులకు ఆ అవకాశం మూడు శాతానికి చేరుతుంది. మొదటి సగం అందరికీ ఒకటే కావాలంటే హ్యాష్‌ను వదిలి, పుస్తకంలో వరస నంబర్లు రాసుకుంటూ కేటాయించండి.

ఒక బోర్డులో అంతా సరిచేసి, ఆ ఎస్‌డీ కార్డునే మిగతావాటికి కాపీ చేశాం. ఇప్పుడు ఒకటి ఉంటే మరొకటి ఉండటం లేదు. ఎందుకు?

రెండు బోర్డులకు ఒకే మ్యాక్ అడ్రస్ వచ్చింది. ఆ చిరునామా ఏ పోర్టులో ఉందో స్విచ్ తన పట్టికలో రాసుకుంటుంది. రెండు పోర్టుల నుంచి అదే చిరునామా వస్తుంటే ఆ పట్టిక క్షణక్షణం మారుతుంది, ప్యాకెట్లు ఒకసారి ఇటు, ఒకసారి అటు పోతాయి. పింగ్ (బోర్డు పలుకుతోందో లేదో చూసే పరీక్ష) సగం పోయి సగం రావడం దీని లక్షణం.

ఇది ఎలా జరుగుతుందో వివరంగా చెప్పాలి. మొదటి బోర్డులో యూ-బూట్ ఎన్విరాన్‌మెంట్‌ను సేవ్ చేసినప్పుడు 'ఈథ్అడ్ర్' కూడా కార్డులోకి వెళుతుంది. ఆ కార్డు కాపీని రెండో బోర్డులో పెడితే, ఆ బోర్డు ఈప్రామ్‌లో దాని సొంత చిరునామా ఉన్నా సరే, రెండూ సరిపోలడం లేదని యూ-బూట్ ఒక హెచ్చరిక చెప్పి, ఎన్విరాన్‌మెంట్‌లో ఉన్నదాన్నే వాడుతుంది. పైగా మామూలు కాన్ఫిగరేషన్‌లో ఒకసారి పెట్టిన 'ఈథ్అడ్ర్'ను కమాండుతో మార్చడానికి అది ఒప్పుకోదు. కాపీ చేసే ఇమేజ్‌లో సేవ్ చేసిన ఎన్విరాన్‌మెంట్ ఉండకుండా చూడటమే దీనికి మందు. చిరునామా బోర్డుకు చెందినది, కార్డుకు చెందినది కాకూడదు. ఒక కార్డును ఏ బోర్డులో పెట్టినా ఆ బోర్డు చిరునామాయే రావాలి.

మైక్రోకంట్రోలర్లలో ఇదే తప్పు మరో రూపంలో జరుగుతుంది. ఆర్డుయినో ఈథర్‌నెట్ ఉదాహరణల్లో డిఇ:ఎడి:బిఇ:ఇఎఫ్:ఎఫ్ఇ:ఇడి అనే చిరునామా రాసి ఉంటుంది. ఒకే ల్యాబ్‌లో పదిమంది విద్యార్థులు ఆ ఉదాహరణను అలాగే ఎక్కిస్తే పది బోర్డులూ ఒకే పేరుతో పలుకుతాయి.

సిస్టమ్‌డీలో (లినక్స్‌లో సేవలన్నిటినీ మొదలుపెట్టే ప్రోగ్రామ్‌లో) 'పర్సిస్టెంట్' అనే పాలసీ ఉంది కదా, అది సరిపోదా?

కొంతవరకే. చిరునామా శాశ్వతమైనది కాదని కెర్నల్ చెప్పినప్పుడు మాత్రమే సిస్టమ్‌డీ ఆ పాలసీ ప్రకారం మెషీన్-ఐడీ (ఆ లినక్స్ వ్యవస్థకు ఉండే గుర్తింపు సంఖ్య) నుంచీ పరికరం పేరు నుంచీ ఒక స్థిరమైన చిరునామాను తయారుచేస్తుంది. యూ-బూట్ యాదృచ్ఛిక విలువను డివైస్ ట్రీలో రాసి ఉంటే, అది శాశ్వతమైనదేనని కెర్నల్ చెబుతుంది కాబట్టి సిస్టమ్‌డీ కదలదు. రెండోది, మెషీన్-ఐడీ ఫైలుతో సహా కార్డును కాపీ చేస్తే అన్ని బోర్డులకూ ఒకే చిరునామా వస్తుంది, అందుకే ఇమేజ్‌లో ఆ ఫైలును ఖాళీగా ఉంచాలి. మూడోది, కరెంటు పోతే కార్డు చెడిపోకూడదని రూట్ ఫైల్ సిస్టమ్‌ను చదవడానికి మాత్రమే పెట్టినచోట, ఖాళీగా ఉన్న మెషీన్-ఐడీ ప్రతి బూట్‌లో కొత్తగా పుడుతుంది, దానితో పాటు చిరునామా కూడా మారుతుంది. మా తోటల్లోని బోర్డులన్నీ అలాంటివే కాబట్టి మేము ఈ పాలసీని నమ్ముకోలేదు.

వైఫై ఉన్న బోర్డుల సంగతి?

చాలా వైఫై మాడ్యూళ్లకు సొంత చిరునామా ఉంటుంది. ఈఎస్‌పీ32 అనే వైఫై చిప్‌లో ఫ్యూజ్‌లలోని ఒక మూల చిరునామా స్టేషన్‌కు, దానికి 1 కలిపితే యాక్సెస్ పాయింట్‌కు, 2 కలిపితే బ్లూటూత్‌కు, 3 కలిపితే ఈథర్‌నెట్‌కు వర్తిస్తుంది. లినక్స్‌లో కనెక్షన్లను చూసుకునే నెట్‌వర్క్‌మేనేజర్ వాడుతుంటే, వైఫై వెతికేటప్పుడు అది యాదృచ్ఛిక చిరునామాను వాడగలదని గుర్తుంచుకోండి. కనెక్ట్ అయ్యాక ఏది వాడాలో కనెక్షన్ సెట్టింగులో 'పర్మనెంట్' అని స్పష్టంగా రాయండి.

పిడుగు పడి బోర్డు కాలిపోతే, కొత్త బోర్డుకు పాత చిరునామానే పెట్టవచ్చా?

పెట్టవద్దని మా అభిప్రాయం. బాగుచేసిన పాత బోర్డు ఏడాది తరవాత మరో మూలలో మళ్లీ లేస్తే, ఒకే చిరునామాతో రెండు తయారవుతాయి. రౌటర్‌లోని రిజర్వేషన్‌ను కొత్త చిరునామాకు మార్చడం రెండు నిమిషాల పని. వాల్వు నంబరునూ మోటారు నంబరునూ మ్యాక్ అడ్రస్‌కు ముడిపెట్టకుండా, సర్వర్‌లో వేరే పట్టికగా ఉంచుకోండి.

స్థిరమైన మ్యాక్ అడ్రస్ ఉంటే, ఆ చిరునామాలకు మాత్రమే అనుమతి ఇచ్చి భద్రత సాధించవచ్చా?

సాధించలేరు. నెట్‌వర్క్‌లో ఉన్న ఎవరైనా ఆ చిరునామాను చూడగలరు, ఒక్క కమాండుతో తమకు పెట్టుకోగలరు. మోటారును ఆన్ చేసే ఆజ్ఞకు రహస్య కీలతో కూడిన ధ్రువీకరణ వేరుగా ఉండాలి.

తోటకు పంపే ముందు ఏమేమి చూడాలి?

కరెంటు పూర్తిగా తీసి ఇస్తూ అయిదుసార్లు బూట్ చేయండి, రీబూట్ కమాండు సరిపోదు. ప్రతిసారీ యూ-బూట్‌లోనూ లినక్స్‌లోనూ కనిపించిన చిరునామాలు ఒకటేనా చూడండి. తరవాత రెండు బోర్డుల కార్డులను ఒకదానిలోది మరొకదానిలో పెట్టి బూట్ చేయండి. చిరునామా కార్డుతో పాటు ప్రయాణిస్తే ఇమేజ్‌లో ఎక్కడో అది దాగి ఉంది. చివరగా ఆ చిరునామాను అచ్చువేసి బోర్డు మీద అంటించి, పెట్టె మూత లోపలి వైపు ఇంకొకటి అంటించండి. బయట అంటిస్తే అనంతపురం ఎండకు రెండు వేసవుల్లో అక్షరాలు వెలిసిపోతాయి, అప్పుడు ఏ స్తంభం మీద ఏ బోర్డుందో తెలుసుకోవడానికి ఒక్కొక్కదానికీ కేబుల్ తగిలించి చూడాల్సి వస్తుంది.